మా బావి నీళ్లు, చెల్లెలి సీసాలు

మా తాతకు తాత హొళగుంద నుంచి రెండు బండ్ల పత్తితో ఆదోనికి వచ్చి, తిరిగి పోకుండా ఇక్కడే అంగడి పెట్టి నిలబడిపోయిన మనిషి. మా ముత్తాత ఆ పత్తి అంగడి పక్కన గింజలు తీసే జిన్నింగు మిల్లు పెట్టాడు. ఒక కరువు ఏడాది ఇంటి వెనుక బండరాతిని తొలిపించి, వీధి వీధంతా వాడుకోమని బావి ఇచ్చాడు. అప్పటినుంచి ఊళ్లో మమ్మల్ని ఎవరూ ఇంటిపేరుతో పిలవలేదు, బావి శెట్లు అనేవాళ్లు. మా తాత దూదిని రెండు వేళ్ల మధ్య లాగి చూసి ఒక మాట చెబితే, బొంబాయి మిల్లులవాళ్లు రెండోసారి అడిగేవాళ్లు కారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మా చెల్లెలు పోయినప్పుడు పేపర్లో రాశారు: పేరుపొందిన రసాయన శాస్త్రవేత్త, ఉపకులపతిగా విశ్వవిద్యాలయాన్ని నడిపిన విదుషి, ఆదోనిలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారని. మిగతావన్నీ నిజమే. ఆ ఒక్క మాట దగ్గర కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. సంపాదకుడికి ఉత్తరం రాయడానికి కాగితం తీస్తే మా కోడలు, “పోనీ మామా, ఇప్పుడు మనం సామాన్యులమే గదా” అంది. ఉత్తరం మానేసి ఇది రాస్తున్నాను.

ఇది జరిగింది కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో. అప్పటికే జిన్నింగు మిల్లు పరాయి చేతికి పోయింది. అంగడి సగమైంది. ఆస్తి తగ్గేకొద్దీ మా బావి నీళ్లకు తీపి పెరిగింది. ఇంటికి ఎవరు వచ్చినా కాఫీకి ముందు చెంబుతో నీళ్లు ఇవ్వాలి, వాళ్లు గుటక వేసేదాకా తాత వాళ్ల ముఖం చూస్తూ కూర్చోవాలి, వాళ్లు “ఆహా” అనాలి. అదొక పద్ధతి. మా వైపు నీళ్ల మంచిచెడ్డలు తేల్చేది కందిపప్పు. చవుడు నీళ్లలో కందిపప్పు పొద్దుగూకినా ఉడకదు. మా ఇంట్లో పప్పు వెన్నలా ఉడికేది, కాబట్టి ఆదోనిలో మా బావిని మించిన బావి లేదని తాత నమ్మకం. ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో ఉన్న మా మేనత్తకు ప్రతి సోమవారం ఒక బిందెడు నీళ్లు బస్సు మీద పంపేవాడు. కూతురు ఊరు మారినా పుట్టింటి నీళ్లే తాగాలని ఆయన కోరిక. ఆ బిందె మూత ఎర్ర గుడ్డతో కట్టి, కండక్టరుకు రెండు సార్లు అప్పగింతలు చెప్పి పంపడం నా పని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు, అంగట్లో తాత పక్కన కూర్చునేవాణ్ని, ఆ బిందె అంటే నాకూ గర్వమే. మా బట్టలు ఉతికే మనిషి వాటిని మా బావి దగ్గర ఉతక్కుండా అంత దూరం చెరువుకు ఎందుకు మోసుకుపోతాడని ఎవరమూ ఆలోచించలేదు. మర్యాద కొద్దీ అనుకున్నాం.

మా చెల్లెలు అనంతపురంలో బంధువుల ఇంట ఉండి ఇంటర్ ముగించి ఆ వేసవిలో ఇంటికి వచ్చింది. మద్రాసు వెళ్లి రసాయనశాస్త్రం చదవాలని దాని పట్టుదల. తాత ఒప్పుకోలేదు. మూడు రోజులు అది అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టింది. నాలుగో రోజు తాతే కదిలాడు. ఆ రసాయనం చదివితే ఏమొస్తుందని అడిగాడు. నీళ్లలో ఏముందో చెప్పవచ్చని అది జవాబిచ్చింది. తాత ముఖం విప్పారింది.

“అయితే మన బావి గురించి సెప్పు. పదిమంది ముందర సెప్పు. నీ సదువు నిజం సెప్పిందంటే మద్రాసు పంపిస్తా.”

నిజమంటే ఆయన లెక్కలో ఒకటే, మా నీళ్లు తీపి అన్నది. వచ్చే ఆదివారం పొద్దున పత్తి దలాలులనూ వీధి పెద్దలనూ రమ్మని అప్పుడే కబురు పంపాడు. ఎమ్మిగనూరు అత్తకు కూడా, వాళ్ల బావి నీళ్లు ఒక చెంబెడు తెమ్మని చెప్పించాడు. పోలిక ఉండాలి కదా.

చెల్లెలు ముందుగా తనకు తానే చూసుకుంది. ఖాళీ మందు సీసాలో మా నీళ్లు పోసి, సబ్బు తురిమి వేసి, ఊపింది. నురుగు రాలేదు. ఇంకాస్త సబ్బు వేసి ఊపింది. విరిగిన పాలలా తెల్లటి తుంపులు తేలాయి. సున్నం ఉన్న నీళ్ల లక్షణం అది. కానీ అలాంటి నీళ్లలో పప్పు ఉడకకూడదు, మా ఇంట్లో ఉడుకుతోంది. పుస్తకం తప్పా, పప్పు తప్పా? పెరట్లో మూడు రాళ్లు పెట్టి తానే పప్పు వండింది. మధ్యాహ్నం దాకా మంట పెట్టినా గింజలు గులకరాళ్లలా కుండ అడుగున దొర్లాయి. మర్నాడు అది వంటింటి గడప మీద చింతపండు ఒలుస్తున్నట్టు కూర్చుని వంట చేసే మా అవ్వ చేతుల్నే చూసింది. పప్పు పొంగు వచ్చేవేళ అవ్వ కొంగు ముడి విప్పి ఒక చిటికెడు తెల్లటి పొడి కుండలో వేసింది. సోడా ఉప్పు.

పట్టుబడినా అవ్వ తడబడలేదు. “నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన మూడో దినమే మా అత్త నా సేతిలో పొట్లం పెట్టింది. మీ అమ్మకు నేను సెప్పినా. వీధిలో ఆడోళ్లకూ తెలుసు, మగోళ్లకు సెప్పేది కాదు పాపా. పాపం, అంత బండ తొలిచి బావి తవ్వించినారు.”

ఆ సాయంత్రం చెల్లెలు మేడ మీదికి వచ్చి నాకు ఇదంతా చెప్పింది. నాకు మొదట కోపం వచ్చింది, సున్నం మీదనో అవ్వ మీదనో తెలియలేదు. తర్వాత పెద్దమనిషి తరహాలో సలహా ఇచ్చాను. ఆదివారం తీపి అని ఒక్క మాట అను, మద్రాసు పో, ఎవరికీ నష్టం లేదు. అది నా వైపు జాలిగా చూసింది.

“సీసాలో లేనిది ఉందని ఈడనే సెప్తే, అన్నా, ఇంక మద్రాసు పోయి ఏం సదవాల?”

నిజం చెబితే తాత తల పదిమందిలో వంగుతుంది, దాని చదువూ అక్కడితో ఆగుతుంది. అబద్ధం చెబితే చదువు దక్కుతుంది, కానీ ఎందుకూ పనికిరాదు. మర్నాడు అది మంత్రాలయం పోయే మనిషితో ఒక సీసా తుంగభద్ర నీళ్లు తెప్పించుకుంది.

ఆదివారం వాకిలి నిండింది. తాత కొత్త తలపాగా చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. చెల్లెలు మూడు సీసాలు వరుసగా పెట్టింది. ఒకదాంట్లో మా నీళ్లు, ఒకదాంట్లో అత్త నీళ్లు, ఇంకోదాంట్లో మంత్రాలయం నుంచి తెచ్చిన తుంగభద్ర నీళ్లు. మూడింట్లోనూ ఒకే కొలత సబ్బు. నది నీళ్లు గొంతుదాకా నురుగు పట్టాయి. అత్త నీళ్లు సగందాకా. మావి విరిగాయి. ఒక ముసలి దలాలు మీసం చాటున నవ్వి, “శెట్టీ, ఎమ్మిగనూరు బావి గెలిసిందప్పా” అన్నాడు. తాత చెయ్యి తలపాగా మీదికి పోయి అక్కడే ఆగింది.

చెల్లెలు తాత ముందుకు వచ్చి నిలబడింది. “మన నీళ్లలో సున్నం శానా ఉంది తాతా. తాగేదానికి ఏ దోషమూ లేదు, ఆ రుచి కూడా దాన్నుంచే. పప్పు ఉడికేది మాత్రం బావి గొప్ప కాదు. అవ్వ గొప్ప.”

ఎవరికీ అర్థం కాలేదు. తాత తల తిప్పి వంటింటి వైపు చూశాడు. పదిమంది మగవాళ్లున్న వాకిట్లోకి అవ్వ వచ్చింది నాకు తెలిసి ఆ ఒక్కరోజే. పాప చెప్పింది నిజమేనని, పెళ్లయినప్పటినుంచి సోడా ఉప్పు వేస్తున్నానని, వడ్డన లెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది. ఎందుకు వేశావని తాత అడిగాడు. “మీ మాట పోగూడదని” అంది అవ్వ. ఇంతలో ఎమ్మిగనూరు అత్త, ఇదే అదను అనుకుందేమో, తాను కూడా బిందె నీళ్లు కనకాంబరాలకు పోస్తున్నానని ఒప్పేసుకుంది. ముసలి దలాలు నవ్వలేక దగ్గు తెచ్చుకున్నాడు.

మా ఇంటి పరువు నాకు తెలిసి అంత సన్నటి దారం మీద ఎప్పుడూ వేలాడలేదు. చివరికి తాత దలాలుల వైపు తిరిగాడు.

“పదిమందిలో నాకు ఎదురు సెప్పింది. నన్ను తక్కువ సెయ్యకుండా సెప్పింది. మీలో ఎవురికన్నా వచ్చునా ఈ పని?” తర్వాత చెల్లెలిని అడిగాడు. “మద్రాసుకు ఎప్పుడు పోవాల పాపా?”

ఆ సోమవారం నుంచి బిందె ఎదురుదారి పట్టింది, అత్త బావి నీళ్లు మా పప్పుకు రావడం మొదలైంది. తాత మాత్రం తగ్గలేదు. మా బావిలో సున్నం ఉంది, ఎముకలకు బలం, ఇంత సున్నం ఉన్న బావి ఆదోనిలో ఇంకొకటి చూపించండని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. చెంబు నీళ్ల పద్ధతి అలాగే సాగింది. చెల్లెలి దగ్గర పరిశోధన చేసిన ఒకాయన మొన్న పరామర్శకు వచ్చి, ఆయనకే డెబ్బై ఏళ్లుంటాయి, మా ప్రయోగం తప్పని మేడం చెప్పాక కూడా మేము తల ఎత్తుకునే బయటికి వచ్చేవాళ్లమండీ అన్నాడు. ఆ విద్య విశ్వవిద్యాలయంలో నేర్పరని నేను ఆయనకు చెప్పలేదు. చెంబుతో నీళ్లు మాత్రం ఇచ్చాను.

మద్రాసు రైలు ఎక్కేముందు చెల్లెలు నన్ను పక్కకు పిలిచి, ఇంత ఖర్చు ఎట్లా అని అడిగింది. ఈ ఏడు పత్తి బాగా పలికిందన్నాను. నీళ్లను నమ్మక సీసాలో పోసి చూసిన పిల్ల నా మాటను ఊపి చూడలేదు. ఆ తర్వాత అది అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పడానికి ఇంకా కాలం ఉందిలే అనుకుంటూనే నేను ముసలివాణ్నయ్యాను, అది వెళ్లిపోయింది. ఎమ్మిగనూరు దారిలోని మా పదహారెకరాల నల్లరేగడి చేను ఆ వేసవిలోనే అమ్మేశాం.