నడినెత్తిన నేర్చుకున్న మాట

ఈ సాయంత్రం మా నాలుగేళ్లవాడి చేత 'ఋ' దిద్దిస్తున్నాను. మూడోసారీ కొమ్ము తప్పు తిప్పాడు. నేను గొంతు పెంచానో లేదో, వాడు పలక పక్కన పెట్టి, తల వంచి, నడినెత్తి మీది సుడి నాకు అందేలా పెట్టి కదలకుండా కూర్చున్నాడు. అలా వంచడం నాకు తెలుసు. వాడికి నేర్పిన గుర్తు మాత్రం లేదు.

మా మేనమామ బోటనీ లెక్చరర్. మొక్కల కంటే మొక్కల లాటిన్ పేర్లంటేనే ఆయనకు ప్రేమ. చిన్నప్పుడు చిక్కడపల్లిలో ఆయన ముందుగదికి ప్రతి ఆదివారం నేనూ మా అన్నా పోయేవాళ్లం. సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే అశోక్‌నగర్ హాస్టల్ అన్నలూ వచ్చేవారు. జవాబు చెప్పేముందు ఎవరైనా తల వంచి, సుడి ఆయన చేతికి అందేలా పెట్టాలి. జవాబు తప్పితే మొట్టికాయ. ఊళ్లో ఎకరాలు దున్నివచ్చిన మీసాల అన్నలు వరసగా తలలు వంచితే కటింగ్ షాపులో వంతుకోసం కూర్చున్నట్టుండేది. ఆయనకు అన్నింటికంటే ఇష్టమైన మాట వర్టెక్స్. తిరగడం అనే మాటలోంచి పుట్టిందట. రోమన్లు ముందు నీళ్లలోని సుడిని అలా అన్నారు, తర్వాత జుట్టులో సుడిని, ఆ సుడి ఉండే నడినెత్తిని, ఆపైన కొండకొనని, చివరికి ఆకాశం దేనిచుట్టూ తిరుగుతుందో ఆ చోటుని. లెక్కల సార్లు దాన్ని త్రిభుజం మూలకు పెట్టుకున్నారు. మనవాళ్లు కూడా నీటికీ నెత్తికీ సుడి అనే అన్నారని చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగులోనే ఒక్కో అర్థానికి ఒక్కో దెబ్బ వేసేవాడు, మరిచిపోకుండా. ఇంటికొచ్చాక అమ్మ మా బొప్పుల మీద కొబ్బరినూనె అద్ది, "మామ చెయ్యి పడ్డకాడ చదువు ఎక్కుతది" అనేది.

ఒక ఆదివారం, పన్నెండేళ్ల మా అన్న వర్టెక్స్ అర్థాలు కొండకొన దాకా చెప్పి ఆకాశం దగ్గర ఆగిపోయాడు. మామ పగడపుటుంగరం ఉన్న వేలితో మొట్టాడు. నోట్‌బుక్ మీద ఎర్రగా చుక్కలు పడ్డాయి. "ఆకాశం ఏడ తిరుగుతదిరా?" అని మళ్లీ అక్కడే కొట్టాడు. మళ్లీ. హాస్టల్ అన్నలెవరూ తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు, వంచిన తల కిందినుంచే చూశాను. నాలుగో దెబ్బకు అన్న తను కూర్చున్న చెక్కపీట లాగి మామ మణికట్టు మీద కొట్టాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. బర్కత్‌పుర డాక్టరు దగ్గరికి ఇద్దరూ ఒకే ఆటోలో పోయారు, మధ్యలో అమ్మ. అన్నకు ఐదు కుట్లు, మామకు సిమెంటు కట్టు, తిట్లన్నీ అన్నకే. ఆ సాయంత్రమే మామ కాళ్లు మొక్కించారు. తర్వాత ఆరు వారాలు మామ ఎడమచేత్తో మొట్టాడు. గురి కాస్త తప్పేది, అంతే.

కడుపుతో ఉన్నప్పుడు నారాయణగూడలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ "వర్టెక్స్, మంచిదే" అంది, బిడ్డ తల కిందికి ఉందని. ఆ అర్థం మామ చెప్పలేదు. అయినా నా చెయ్యి నా నడినెత్తి మీదికి పోయింది. ఆ దెబ్బ నా బిడ్డ మీద పడనివ్వనని ఆ బల్ల మీదే అనుకున్నాను.

ఇవాళ వాడు పడుకున్నాక అన్నకు ఫోన్ చేశాను. అన్న సుడి ఉండాల్సిన చోట ఇప్పటికీ రూపాయిబిళ్లంత మేర వెంట్రుకలు మొలవవు. జరిగింది చెప్పి, "ఇప్పటిదాక రెండుసార్లే కొట్టిన అన్నా, అది గూడ మెల్లగ" అన్నాను.

అన్న అడిగాడు: "తల వాడే ఒంచిండా?"

"ఊఁ."

"అయితే రెండుసార్లు కాదు, చెల్లె."

మామ పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన చెయ్యి మాత్రం పోలేదు; ఇన్నేళ్లూ తిరిగి తిరిగి, నా మణికట్టుకు చేరుకుంది.