చందమామ మీద నిషేధం

మా సంగారెడ్డి విమర్శకుడొకాయన, చందమామను వదిలి ఎవరింటి సంగతులు వాళ్లు రాయమని కవులకు చెప్పారు. జిల్లా కవులంతా వంటింట్లో దూరారు.

అప్పట్లో ఓసారి పటాన్‌చెరులో బస్సెక్కి, ఫోటోతో అచ్చయిన ఆయన వ్యాసం చదువుతున్నాను. ముందు సీటామె వెనక్కి తిరిగింది.

"ఈ సారు నీకు ఎరుకేనా అన్నా? మా ఆయన కంపెనీల పనిజేస్తడు, కవిత్వం రాస్తడు. మొదలు నన్ను చందమామ అని రాసెటోడు. ఇప్పుడు నా గురక మీద రాసిండు. మా దిక్కు కిరాయికున్నోళ్లందరు చదివిన్రు."

నేను నవ్వాపుకుని, తెలుసన్నాను.

"ముందుగాల ఆ సారును వాళ్లింటి సంగతులు రాయమను," అని ఇస్నాపూర్‌లో దిగిపోయింది.

ఆయనింటికి వెళ్లినప్పుడు ఆ మాట ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పాను. టీ తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగి, "రాయుండ్రి, నేను గూడ చదువుత," అంది.

చందమామ గురించి చెప్పాల్సింది ఇంకా చాలా ఉందని ఆయన తర్వాతి వ్యాసంలో రాశారు.