మిత్తి పెంచమని బేరమాడిన యాదమ్మ

2003 వేసవి మొదట్లో నేను మేడ్చల్‌లో, హైవే పక్కనున్న ఒక కార్ల షోరూంలో కూర్చునేవాణ్ణి. షోరూం ఉద్యోగిని కాదు. ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ తరఫున కారు లోన్లు రాయించే ఎగ్జిక్యూటివ్‌ని. గాజు తలుపు తోసుకుని లోపలికి రాగానే ఎడమ పక్కన రెండు టేబుళ్లు ఉండేవి. ఒకటి నాది, రెండోది పోటీ కంపెనీ మనిషి శ్రీనివాస్‌ది. కారు చూసి మనసు పారేసుకున్న మనిషి బయటికి వెళ్లేలోపు మా ఇద్దరిలో ఎవరో ఒకరి ముందు కూర్చోవాలి. మా పని అంతే.

అప్పటికి నాకు నాలుగేళ్ల అనుభవం. ఆ నాలుగేళ్లలో నేను బాగా ఆరితేరిన విద్య ఒకటుంది. దాని గురించి చెప్పకపోతే ఈ సంగతి అర్థం కాదు.

లోన్ మీద వడ్డీని రెండు రకాలుగా లెక్కేయవచ్చు. నెలనెలా కంతు కట్టేకొద్దీ అసలు తగ్గుతుంది కదా, తగ్గగా మిగిలిన దాని మీదే వడ్డీ వేస్తే అది రెడ్యూసింగ్ రేటు. మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే చివరి నెల దాకా వడ్డీ వేస్తే ఫ్లాట్ రేటు. మూడేళ్ల లోన్‌కి ఫ్లాట్‌లో తొమ్మిది శాతం అంటే, రెడ్యూసింగ్‌లో దాదాపు పదహారు. మేం తొమ్మిదనే చెప్పేవాళ్లం. ఏ లెక్కలో తొమ్మిదో చెప్పేవాళ్లం కాదు. మొదటిసారి కారు కొనేవాళ్లు అడిగేవాళ్లూ కాదు. రేటు ఎక్కువకు ఒప్పించినకొద్దీ కంపెనీ నాకు పేఔట్, అంటే కమీషన్, ఎక్కువ ఇచ్చేది.

ఒక రోజు పొద్దున్నే ఒక జంట వచ్చింది. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. చెప్పులు గాజు తలుపు బయటే విడిచి, తళతళలాడే కార్లన్నీ దాటుకుంటూ నేరుగా మూలన ఉన్న తెల్ల వ్యాను దగ్గరికి నడిచింది. వెనక తలుపు తీయించి, చేతులు చాచి లోపలి వెడల్పు కొలిచింది.

"సీట్లు తీసేస్తే నాలుగు తట్టలు పడ్తయా?" అని సేల్స్‌మన్‌ని అడిగింది.

ఆమె పేరు యాదమ్మ. భర్త మల్లేశం శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే సంఘంలో సభ్యుడు. ఆయన పట్టిన చేపలను ఆమె అల్వాల్ దాకా తీసుకుపోయి అమ్మేది. చేపల తట్ట చూస్తే బస్సు కండక్టర్లు ఎక్కనివ్వరు. ఆటోవాళ్లు వాసన పేరు చెప్పి రెట్టింపు అడుగుతారు. ఎండలు ముదిరి చెరువులో నీళ్లు తగ్గాక సంఘం పెద్ద వల దింపుతుంది. ఒక నెల రోజులు బాగా చేప పడుతుంది. ఆ నెలే వాళ్లకు ఏడాది. కానీ అన్ని చేపలు మోసుకుపోవడానికి బండి లేక, ఐసు పెట్టెల వ్యానుతో గట్టు మీద నిలబడే సేటు చెప్పిన ధరకే ఇచ్చేసేవాళ్లు. ఈసారి వల దిగేలోపు సొంత బండి ఉండాలని, చిట్టీ ఎత్తి అరవై వేలు జమ చేసుకుని వచ్చారు. ఇంకో లక్షన్నర కావాలి.

మా లెక్కలో వ్యాను కూడా కారే. కుర్చీలు చూపించాను.

"మిత్తి ఎంత సారూ?" అంది యాదమ్మ, కూర్చోకముందే.

"నైన్ పర్సెంట్ అక్కా. మీ లెక్కల చెప్పాలంటే నెలకు నూటికి ముప్పావలా."

"ముప్పావలానా? మా ఊళ్ల రెండు రూపాలకు తక్కువ ఎవ్వడిస్తలేడు. మీ కంపెనోళ్లకు పైసలు ఎక్కువైనయా ఏంది?"

"ఇస్తనంటుండు గద, తీస్కో" అన్నాడు మల్లేశం.

"నువ్వాగు. గింత అగ్గువకు అమ్మేటోని తట్టల చేపను మొప్ప ఎత్తి చూడకుంటే ఎట్ల?" అని మొగుణ్ణి కసిరి, నావైపు తిరిగింది. "తమ్మీ, నెలనెలా కడుతుంటే అసలు తగ్గుతది గద. దాని మీద మిత్తి గూడ తగ్గుతదా?"

నాలుగేళ్లలో ఈ ప్రశ్న సూటిగా అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లందరికీ చెప్పిన జవాబే ఆమెకూ చెప్పాను.

"అదంతా కంప్యూటర్ చూసుకుంటదక్కా."

ఆ మాట పలికేటప్పుడు నేను టేబుల్ మీది కాగితాలు సర్దుతున్నాను.  ఆమె, ఇల్లు చూడటానికి నేను ఎప్పుడొస్తానో మాత్రం అడిగి వెళ్లిపోయింది.

ఇల్లు చూడటాన్ని మేం ఎఫ్ఐ అంటాం. ఫీల్డ్ ఇన్వెస్టిగేషన్. లోన్ అడిగిన మనిషి నిజంగా ఆ ఇంట్లో ఉంటున్నాడా, కట్టగలడా అని చూసి రావడం. మర్నాడు మధ్యాహ్నం శామీర్‌పేట వెళ్లాను. కట్ట వెనక చిన్న పెంకుటిల్లు. వసారాలో వల పరిచి, మల్లేశం చిరుగులు కుడుతున్నాడు. రేషన్ కార్డు, సంఘం కార్డు, చిట్టీ పాస్‌బుక్ చూశాను. చిట్టీ ఇరవై నెలలు ఒక్క నెల తప్పకుండా కట్టారు.

లేవబోతుంటే యాదమ్మ కంచం తెచ్చి పెట్టింది. వద్దన్నాను.

"మా ఇంటికొచ్చి తినకుండ పోతే లోన్ ఇయ్యనని చెప్పినట్టే" అంది.

కూర్చున్నాను. చింతపులుసులో ఉడికిన బొచ్చె చేప. నేను రెండో ముద్ద కలుపుతుండగా ఆమె ఒక తట్ట తెచ్చి నా ముందు పెట్టింది. అందులో వలకు కట్టే సీసం గుండ్లున్నాయి. పక్కన ఒక చెంబు పెట్టింది.

"గివి ముప్పై ఆరు. నీ కంతులన్నట్టు. ఇగో, ఏస్తుండు" అని మల్లేశంతో అంది.

ఆయన సూది పక్కన పెట్టి, నవ్వు ఆపుకుంటూ ఒక్కో గుండు చెంబులో వేయడం మొదలుపెట్టాడు. ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. టంగు టంగుమని చప్పుడు. పద్దెనిమిది దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సగం అసలు నీకు చేరింది. సగం తట్టల ఉంది. ఇప్పుడు చెప్పు తమ్మీ. మిత్తి దేనికి తీస్కుంటవ్? తట్టల ఉన్నవాటికా? చెంబుల పడ్డవాటికి గూడనా?"

నా నోట్లో ముద్ద ఉంది. దాన్ని మింగాను. కంప్యూటర్ గురించి ఇంకోసారి చెప్పొచ్చు. కానీ ఆ ఇంట్లో, ఆ కంచం ముందు, ఆ మాట రాలేదు.

"చెంబుల పడ్డవాటికి గూడనక్కా" అన్నాను.

మల్లేశం పకపకా నవ్వాడు. యాదమ్మ నవ్వలేదు.

"నాకు నిన్ననే ఎర్కయింది. బేరం చెప్పెటోడు మొకం చూసి చెప్తడు. నువ్వు కాయితాల దిక్కు చూసినవ్. పది కిలోలు తీస్కొని అయిదు కిలోలు వాపస్ ఇచ్చినోన్ని, ఇంక పది కిలోలకే పైసలు కట్టుమంటే ఊకుంటడా?"

"ఊకోడు."

"మరి మేమెందుకు ఊకుంటం? సరే, తిను. తిన్నంక బేరం చేద్దాం." ఇంకో చేప ముక్క వేసింది. నిజం చెప్పాలంటే, పోయిన ఆకలి ఆ ముక్కతో మళ్లీ వచ్చింది.

చెయ్యి కడుక్కున్నాక ఆమె చెప్పిన బేరం విని నేను ఆశ్చర్యపోయాను.

"నాకు నీ ముప్పావలా వద్దు. రూపాయి పెట్టుకో."

"పెంచుమంటున్నవా అక్కా?"

"పెంచుమంటున్న. నూటికి రూపాయి మిత్తి. కానీ తట్టల మిగిలినవాటికే. ఇగ ఫైలు ఖర్చని రెండు వేలు రాసినవ్ చూడు, గా ఫైలుకు పట్టుచీర కట్టిస్తున్నవా ఏంది? వెయ్యి చాలు."

నూటికి నెలకు రూపాయి, మిగిలిన అసలు మీద అంటే మా భాషలో పన్నెండు శాతం రెడ్యూసింగ్. సంచిలోంచి క్యాలిక్యులేటర్ తీసి లెక్కేశాను. నేను చెప్పిన ముప్పావలాకు నెలకు 5,292 రూపాయలు కట్టాలి. ఆమె పెంచమన్న రూపాయికి 4,982. మూడేళ్లలో పదకొండు వేలు తేడా. నా టేబుల్ ముందు కూర్చున్నవాళ్లంతా మిత్తి తగ్గించమని బతిమాలినవాళ్లే. పెంచమని బేరమాడి పదకొండు వేలు మిగుల్చుకుంది ఈమె ఒక్కతే.

ఇక్కడితో కథ సుఖాంతమైందని రాయాలని ఉంది. కానీ తర్వాతి రెండు రోజులు ఆ ఫైలు నా సొరుగులోనే ఉంది. ఆ రేటుకు ఫైలు పెడితే నా పేఔట్ దాదాపు పోతుంది. ఆ నెల ఇంట్లోకి కూలర్ కొంటానని నా భార్యకు మాటిచ్చి ఉన్నాను. మేనేజర్‌ని అడిగానని, ఆయన ఒప్పుకోలేదని చెప్పేస్తే సరిపోతుంది కదా అనిపించింది. రెండు రోజులు అదే ఆలోచన.

మూడో రోజు మల్లేశం ఒక్కడే వచ్చాడు. ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"తమ్మీ, పది రోజులల్ల వల దిగుతది. అయితదా, కాదా? కాదంటే చెప్పు, ఏమనుకోం. సేటుకు ఇయ్యాల మాటియ్యాలె. మాటిచ్చినంక మల్ల చేప బయటికి అమ్మరాదు."

ఆయన గొంతులో కోపం లేదు. నేను సొరుగు తీసి ఫైలు పట్టుకుని, ఆయన్ను అక్కడే కూర్చోబెట్టి, మేడ మీద మా కంపెనీ మేనేజర్ గదిలోకి వెళ్లాను.

మా మేనేజర్ ప్రభాకర్ సార్ సరదా మనిషే కానీ, లెక్క దగ్గర గట్టివాడు.

"సార్, కస్టమర్‌కు నైన్ చెప్పాను. ఆమె ట్వెల్వ్ పెట్టమంటోంది."

"ఏంటీ? పన్నెండా? ఇంకా ఇక్కడెందుకు నిలబడ్డావయ్యా? వెళ్లి సంతకం పెట్టించు!"

"రెడ్యూసింగ్‌లో సార్."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "ఫ్లాట్ గురించి ఎవరు చెప్పారామెకు?"

"ఆమే కనుక్కుంది. నేను ఒప్పుకున్నాను."

"ఒంట్లో బాగుందా నీకు? జీతం కాగితం లేదు, ఇన్‌కమ్ టాక్స్ లేదు. వీళ్లకు ఫ్లాట్ మీద ఇవ్వడమే ఎక్కువ."

చిట్టీ పాస్‌బుక్ నకలు ఆయన ముందు పెట్టాను. ఇరవై నెలల సంతకాలు చూపించాను. ప్రతి గుండూ లెక్కపెట్టే మనిషి కంతు ఎగ్గొట్టదని, కావాలంటే ఎఫ్ఐ రిపోర్టులో నా పేరు మీద అదే రాస్తానని అన్నాను. గుండ్లేమిటని అడిగాడు. చెప్పాను. చెంబు దగ్గరికొచ్చేసరికి ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

"నీ పేఔట్ పోతుంది, తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఆమెను మాత్రం మన షోరూంలో ఇంకెవరితోనూ మాట్లాడనివ్వకు" అంటూ సంతకం పెట్టాడు.

అప్పట్లో కంతులకు పీడీసీలు తీసుకునేవాళ్లం, అంటే రాబోయే నెలల తేదీలు వేసిన చెక్కులు. ముప్పై ఆరు చెక్కుల మీద సంతకాలు పెట్టేసరికి, వల లాగితే కూడా చెయ్యి ఇంత గుంజలేదని మల్లేశం వాపోయాడు. యాదమ్మ పక్కన కూర్చుని ఒక్కో చెక్కూ తిప్పి అంకె చదివింది. వల దిగడానికి నాలుగు రోజుల ముందు వ్యాను ఇంటికి చేరింది.

తర్వాత ఒక రోజు షోరూం ఫోన్‌కి నా కోసం కాల్ వచ్చింది. అవతల యాదమ్మ. వెనక ఎవరో కిలో ఎంత అని అరుస్తున్నారు.

"తమ్మీ, అల్వాల్‌ల పొద్దుగాల తొమ్మిదింటికే తట్టలన్నీ ఖాళీ. ఇయ్యాల గట్టు మీద సేటే నన్ను అడిగిండు, 'యాదమ్మా, నీ రేటెంత?' అని!"

ఆమె నవ్వు ఫోన్‌లోంచి పక్క టేబుల్ దాకా వినిపించింది.

ఆ తర్వాత నేను రెండు లెక్కల్లోనూ రేటు చెప్పడం మొదలుపెట్టాను. మొదట్లో ఏమైందంటే, వచ్చినవాళ్లు నా పదహారు విని జడుసుకుని, శ్రీనివాస్ తొమ్మిది దగ్గరికి వెళ్లి కూర్చునేవాళ్లు. రెండు నెలలు అలా పోగొట్టుకున్నాక ఒక పద్ధతి దొరికింది. చిన్న కాగితం మీద, మూడేళ్లలో వాళ్ల చేతిలోంచి వెళ్లే మొత్తం ఎంతో రాసిచ్చి, "పక్క టేబుల్లో కూడా ఇదే రాయించుకుని రండి" అనేవాణ్ణి. శ్రీనివాస్ నాతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత అతనూ రాసివ్వక తప్పలేదు. కాగితం లేకుండా ఎవరూ కుర్చీలోంచి లేవడం లేదు మరి.

వడ్డీ లెక్క యాదమ్మకంటే నాకే బాగా వచ్చు. ఎదుటి మనిషికి ఆ లెక్క కనపడేలా పెట్టడం నా పనిలో భాగమని ఆమె వల్ల తెలిసింది. అడిగితేనే చెప్పాలనుకోవడం, అడిగినా దాటేయడం, రెండూ ఒకటేనని కూడా.

అప్పటికే నేను ఫ్లాట్ రేటుకు రాయించిన లోన్లలో ఇంకా పదకొండు నడుస్తున్నాయి. మొత్తం ముందే తీర్చేస్తే ఎంత మిగులుతుందో లెక్కేసుకుని, నలుగురి ఇళ్లకు వెళ్లి ఉన్నమాట చెప్పాను. బహదూర్‌పల్లిలో ఒక స్కూలు మాస్టారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "గప్పుడే చెప్తే అయిపోతుండె గద సారూ" అన్నాడు.  మరునాడు అత్వెల్లిలో ఐదో ఇంటికి బయలుదేరి, సగం దారిలో బండి వెనక్కి తిప్పుకున్నాను.

ఆ మిగిలిన ఏడుగురూ కంతులన్నీ కట్టేశారు. బాకీ తీరిందని కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ కోసం ఒక్కొక్కరూ నా టేబుల్ దగ్గరికే వచ్చారు. అత్వెల్లి ఆయన స్వీటు డబ్బా కూడా తెచ్చి, నా వల్లే తన ఇంటికి కారు వచ్చిందని మూత తీసి నా ముందు పెట్టాడు. తీసుకోమని రెండుసార్లు అన్నాడు. తీసుకున్నాను.