మెట్లు కొట్టేసిన వంతెన

2004లో నన్ను గుంటూరులో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. నల్లపాడు వైపు రైల్వే గేటు దగ్గర ఓవర్‌బ్రిడ్జి కట్టించడం నా పని. దాంతో ఊరి రూపే మారిపోతుందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. వంతెన తెరిచాక కింద గేటును శాశ్వతంగా మూసేయాలన్నది రైల్వేవారి షరతు. అందుకే మొదటి డ్రాయింగులోనే పట్టాలకు రెండు పక్కలా నడిచేవాళ్ల కోసం మెట్లు గీశాం.

డిజైన్ మంజూరు సమావేశంలో మా పై అధికారి, సూపరింటెండింగ్ ఇంజనీరు గారు, ఆ మెట్లు కొట్టేశారు. అవి దిగే చోట ఫౌంటెన్, రంగుదీపాలు రావాలట, పట్టణ సుందరీకరణట! "ఈ రోజుల్లో నడిచేదెవరయ్యా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. గేటవతలి కాలనీ నుంచి మిరపకాయల తొడిమలు తీయడానికి రోజూ ఎంతమంది ఆడవాళ్లు నడిచి వస్తారో ఆయనకు తెలియక కాదు. వాళ్లు ఆయన కంటికి ఆనలేదు, అంతే. అభ్యంతరం రాసి పంపాను. జవాబు లేదు.

వంతెన లేచింది. గేటు మూయాలంటే, జనం దాటడానికి వేరే దారి ఉందని మా శాఖ తరఫున నేను సంతకం పెట్టాలి. లేని దారిని ఉందని ఎలా రాస్తాను? పెట్టనన్నాను. వారం తిరక్కుండా ఒంగోలుకు బదిలీ చేశారు. నా స్థానంలో వచ్చినాయన చేరీ చేరగానే సంతకం పెట్టాడు. గేటు పీకేసి గోడ కట్టారు.

కొన్ని నెలలకు గుంటూరు వెళ్లినప్పుడు అటు చూశాను. గోడకు మనిషి దూరేంత కంత ఉంది. అందులోంచి మస్తాన్‌బీ వస్తోంది. తొడిమలు తీసే మనిషి, పని జరిగినన్నాళ్లూ నన్ను పలకరించి వెళ్లేది. పట్టాలు దాటుతున్నందుకు ముందురోజే ఆమెను పట్టుకుని జరిమానా వేశారట.

"బ్రిడ్జెక్కి తిరిగొద్దామంటే లారీలు మీదకొస్తన్నాయి. ఇటొస్తే దొంగల్లే పట్టుకుంటన్నారు. మరి మెట్లు తీసేసినోళ్లకి ఎంతేశారండీ జరిమానా?" అంది.

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే కోపం ఆగదు.

ఒంగోలులో కట్టించిన వంతెనకు మెట్లను విడి పనిగా చూపించలేదు. పక్కగోడతో కలిపి ఒకే కాంక్రీటు కట్టడంగా డిజైన్ చేశాను. వాటిని తీసేయాలంటే వంతెన లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి వేయాలి. ఎవరూ వాటి జోలికి రాలేదు. విడిగా కనబడేదాన్నే కొట్టేస్తారని గుంటూరులో నేర్చుకున్నాను.