తలుపు గడియకు నల్లదారం

మా అమ్మ పిల్లల మీద ఒక్కనాడు కూడా చెయ్యెత్తలేదు. ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్పుకునేది, మేమూ గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరైనా నా ముందు ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మ కాజాలు కుట్టేది. బజారులో దర్జీలు చొక్కాలు కుట్టి, కాజాలకూ బొత్తాలకూ మా ఇంటికి పంపేవారు. ముందుగదిలో కిటికీ కింద పీట వేసుకుని, చొక్కా ఒళ్ళో పెట్టుకుని, పొద్దుటి నుంచి వెలుతురు ఉన్నంతసేపూ కుట్టేది. గాటు పెట్టిన గుడ్డ అంచు చుట్టూ దారం ఎంత దగ్గరగా బిగించేదంటే, చొక్కా పాతబడి చిరిగినా కాజా చెక్కుచెదిరేది కాదు. అందరూ ఆవిడని కాజాలమ్మ అనేవారు.

ఆవిడ నాన్న బెల్టు తీసి కొట్టేవాడట. భుజం వెనక బకిల్ దిగిన మచ్చ నేను చూశాను. "నా కడుపున పుట్టినవాళ్ళ మీద దెబ్బ పడనివ్వను" అని అప్పుడే ఒట్టు పెట్టుకుందట. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ పిల్లలు చెప్పుచేతల్లో ఉండాలి కదా. అందుకు ఆవిడ వేరే ఉపాయం కనిపెట్టింది.

మేము తప్పు చేస్తే అమ్మ అరిచేది కాదు. కాజాల డబ్బాలోంచి నల్లదారం తీసి, తప్పును బట్టి ముళ్ళు వేసి, మధ్యగది తలుపు గడియకు కట్టేది. ఒక ముడికి ఒక రోజు. అన్ని రోజులూ ఆ పిల్లతో ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. అన్నం పెడతారు, జడ వేస్తారు, దుప్పటి కప్పుతారు, పలకరింపు మాత్రం ఉండదు. రోజూ పొద్దున్నే అమ్మ ఒక ముడి కత్తిరించేది. మధ్యలో ఆ పిల్ల నోరు తెరిచిందా, ఇంకో ముడి. నాన్న బస్సు కండక్టరు. రోజంతా జనంతో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చే మనిషికి ఇంట్లో నోరు మూసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. "మీ అమ్మ చెప్పినట్టు వింటే గొడవే లేదు కదర్రా" అనేవాడు.

నేను మొండిఘటాన్ని, రెండు ముళ్ళు పడినా లెక్కచేసేదాన్ని కాదు. చెల్లి అలా కాదు. దాన్ని అందరూ వసపిట్ట అనేవారు. కళ్ళు తెరుస్తూనే వచ్చిన కల చెప్పేది, బడి నుంచి వస్తూ దారిలో కనిపించిన ప్రతి కుక్క కథా చెప్పేది, స్నానాలగదిలోంచి కూడా కబుర్లు చెప్పేది. ఒక్క ముడి పడితే చాలు, సాయంత్రానికి దాని మొహం పీక్కుపోయేది.

దానికి తొమ్మిదేళ్ళు, నాకు పదమూడు. వాళ్ళ బడిలో బెత్తం పట్టకూడదని కొత్తగా రూలు పెట్టారు. లెక్కల మాస్టారు రూలు తప్పే మనిషి కాదు, అందుకని అరచెయ్యి వాడేవాడు. క్లాసులో మాట్లాడుతున్నావని దాన్ని లేపాడు. "నేను కాదు సార్" అన్నందుకు ఎడమ చెంపా చెవీ కలిపి ఒక్కటి పీకాడు. ఆపైన డైరీలో ఎర్రసిరాతో, "క్లాసులో కబుర్లు, ఎదురు సమాధానం. ఇంట్లో బుద్ధి చెప్పగలరు" అని రాసి పంపాడు. కొట్టిన సంగతి రాయలేదు. ఎందుకు రాస్తాడు మహానుభావుడు!

అమ్మ డైరీ చదివింది. "సారుకి ఎదురు చెప్పావా?"

"అది కాదమ్మా, సారు నన్ను..."

"చెప్పావా, లేదా?"

"చెప్పాను."

నాలుగు ముళ్ళు పడ్డాయి.

కాసేపటికి చెల్లి నా పక్కన చేరి, "అక్కా, చెవిలో గుయ్యిమంటోందే" అంది. నేను పెదాల మీద వేలు పెట్టి గడియ వైపు చూపించాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పెద్దదాన్నన్న పెత్తనం ఒకటి ఏడ్చింది కదా! "అమ్మా, ఇది మాట్లాడుతోంది!" అని కేకేశాను. అమ్మ లేచివచ్చి ఐదో ముడి వేసింది.

ఆ తర్వాత అది నోరు తెరవలేదు. రెండోరోజు తల ఒకవైపు వంచి నడిచింది. మూడోరోజు నమలలేక కంచం పక్కకు జరిపింది. అమ్మ చూసింది. చూడలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను, చూసింది. "అలిగింది. అలక తీరితే అదే తింటుంది" అని నాన్నతో అంది. నాన్న చెల్లిని ఏదో అడగబోయి, గడియ వైపు చూసి ఊరుకున్నాడు. నాలుగోరోజు పక్కబట్టలు సర్దుతుంటే దాని దిండు తిరగేసి ఉంది. అడుగువైపు పసుపుపచ్చటి మరక. తలనూనె మరక అనుకున్నాను. నిజంగా అనుకున్నానో, అలా అనుకుంటే సరిపోతుందనుకున్నానో, ఇప్పటికీ చెప్పలేను.

ఐదోరోజు బడిలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోందని ఆయా ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. మేము వెళ్ళేసరికి డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"కర్ణభేరి చిరిగిపోయింది. చీము లోపల ఎముక దాకా పట్టింది. మొదటిరోజే తీసుకొస్తే చెవి దక్కేదమ్మా. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అంది.

అమ్మ మంచం పక్కన కూలబడింది. "నొప్పిగా ఉందని నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా తల్లీ?"

చెల్లి ముందు తలుపు వైపు చూసింది. ఆ తలుపు గడియకు ఏమీ కట్టి లేదు. అయినా గొంతు తగ్గించి, "చెబితే ముడి పెరగదుగా?" అంది.

చెంపదెబ్బ సంగతి ఆ రాత్రి దాని నోట బయటపడింది. మర్నాడు అమ్మ మాస్టారిని కడిగేద్దామని బడికి వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఒక్క దెబ్బ కొట్టానమ్మా, కాదనను. ఆ తర్వాత ఐదు రోజులూ పిల్ల మీ ఇంట్లోనే ఉంది కదా?" అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చి, గడియకు మిగిలిన దారం తెంపి పొయ్యిలో వేసింది. ఆ మాస్టారిని తర్వాత వేరే బడికి మార్చారు. అక్కడి పిల్లల చెవులు ఏమయ్యాయో నాకు తెలియదు.

చెల్లికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. చెవితో పాటు కబుర్లూ పోయాయి. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. వసపిట్ట అని పిలవడం కూడా అందరూ మెల్లగా మానేశారు. అమ్మ నల్లచొక్కాలు తీసుకోవడం మానేసింది. దర్జీలు విసుక్కున్నా వినలేదు. ఇదివరకు మాట పొదుపుగా వాడే మనిషి ఇప్పుడు గడగడా వాగేది. చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని కాజా కుడుతూనే ఏదో ఒకటి చెప్పేది, అడిగేది, నవ్వించబోయేది. అది "ఊఁ" అనేది.

ఒక సంగతి మాత్రం నేను ఏళ్ళ తరబడి చూశాను. చెల్లి చదువుకుంటూనో, కూర తరుగుతూనో ఉంటే అమ్మ వెళ్ళి దాని ఎడమ పక్కన కూర్చునేది. పెదాలు కదిలేవి. అది తలతిప్పి "ఏంటమ్మా?" అంటే, "ఏం లేదు, నీ పని చూసుకో" అని లేచిపోయేది. ఒకసారి దగ్గరగా ఉండి విన్నాను. "తప్పయిపోయిందే తల్లీ, నన్ను క్షమించవే" అంటోంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వంటింట్లోకి లాక్కెళ్ళి, "చెప్పదలుచుకుంటే కుడి పక్కకెళ్ళి చెప్పు! ఎవరి కళ్ళకు గంతలు కడుతున్నావు?" అని అరిచాను.

"నోరు రావట్లేదే పెద్దదానా. అది విని, క్షమించను పో అంటే నేనేమైపోవాలి?" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంకేమంటాను? ఏ మొహం పెట్టుకుని అంటాను? ఐదో ముడి వేయించింది నేనే కదా. ఆ సంగతి నేనూ ఎప్పుడూ చెల్లి ముందు ఎత్తలేదు.

అమ్మ కుడి పక్కకు వెళ్ళకుండానే పోయింది.

నెల తర్వాత ఇద్దరం కూర్చుని ఆవిడ కాజాల డబ్బా సర్దుతున్నాం. ఇద్దరికీ తల నెరిసింది. చెల్లి కత్తెర తుడుస్తూ, "అక్కా, అమ్మ ఎప్పుడూ ఇటుపక్క కూర్చుని ఏదో అనేది. ఏమనేదో నీకు తెలుసా?" అని అడిగింది.

నేను లేచి దాని కుడి పక్కకు వెళ్ళి కూర్చున్నాను. అమ్మ మాట అమ్మ అన్నట్టే చెప్పాను. ఆ రోజు కేకేసినందుకు నా మాటా చెప్పాను. నలభై ఏళ్ళు పట్టింది.

చెల్లి ఏడవలేదు, కోప్పడలేదు. కత్తెర డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఈ మాట నాకు చెబితే ఎన్ని ముళ్ళు పడతాయని భయపడ్డారక్కా, మీరిద్దరూ?" అంది.