ఆదివారం తెగిపోయే ఫోను

మంగళవారం ఉదయం ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి ఫోను మోగింది. మొదటి రింగుకే ఎత్తాను. విజయనగరం నుంచి మా చెల్లి.

"అప్పా, మన గుంటడు ఎల్లిపోనాడే" అంది.

మా వైపు అప్ప అంటే అక్క, గుంటడంటే కుర్రాడు. ఆ గుంటడు మా తమ్ముడు. నలభై ఆరేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మా ముగ్గురిలో ఆఖరివాడు కాబట్టి మా ఇద్దరికీ చివరిదాకా గుంటడే. పొద్దున్నే టీ తాగి, షాపు తాళాలు చేత్తో పట్టుకుని, చెప్పులు వేసుకోవడానికి అరుగు మీద కూర్చున్నాడట. మరి లేవలేదట. మరదలు ముందు చెల్లికి చెప్పింది. నాకు చెప్పడానికి ధైర్యం చాలలేదంది.

చెల్లి చెప్పిందంతా ఒక్క మాట తెగకుండా వినబడింది. ఫోను పెట్టేశాక మొదట తోచింది అదే. ఒకప్పుడు ఆదివారం పూట దాని గొంతు నా దాకా వచ్చేది కాదు. ఇప్పుడు తమ్ముడి చావు కబురు తిన్నగా వచ్చింది. వచ్చేలా చేసినవాడు వాడే.

సమాధి దగ్గర మాట్లాడమన్నారు. నోరు పెగల్లేదు. మామూలుగానే నాకు మాటలు తక్కువ. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీలో కొందరి ఫోన్లు వాడి చేతి మీదుగా వచ్చినవే.

వాడి షాపు మా ఊరికి బస్సులో అరగంట దూరం, సముద్రం వైపు దారి చీలేచోట. రెండు మంచాలు పట్టేంత గది. మొదట్లో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. తరువాత బటన్ ఫోన్లు, ఆ తరువాత టచ్ ఫోన్లు వచ్చాయి. పగిలిన అద్దం ఎవరైనా మారుస్తారు. వాడి దగ్గరికి వచ్చేవి ఎందుకు పాడయ్యాయో ఎవరికీ తెలియని ఫోన్లు. తమంతట తామే ఆరిపోయేవి. వేలు పెట్టకుండానే తెర మీద బొమ్మలు గెంతేవి. పేరు నొక్కితే, ఎందుకు నొక్కామో మనం మరిచిపోయాక కదిలేవి.

వచ్చినవాళ్లను ముందు స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. ఫోను ముట్టుకునేవాడు కాదు. "ఎప్పుడు మొదలయ్యినాది? ఎక్కడ పెడతావు, రొంటినా, జేబులోనా, పొయ్యి గట్టు మీదా?" అని అడిగేవాడు. "ఏమో నాయనా, ఊరికే పాడైపోనాది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఊరికే ఏదీ అవ్వదు పిన్నీ. ఇంకోపాలి గురుతు తెచ్చుకో" అనేవాడు. పక్కనున్న టీ బడ్డీ ఆయన, "నీ కాడ ఫోను బాగవ్వాలంటే ముందు పెళ్లిసూపులు అవ్వాలిరా" అని వేళాకోళం చేసేవాడు. తమ్ముడు నవ్వేసి, "ముందు ఇనాలి బావా, తరవాతే ఇప్పాలి" అనేవాడు.

ఇంకో అలవాటు ఉండేది. పనిచేస్తున్నప్పుడు ఎవరి మెసేజీలైనా తెర మీదికి వస్తే, పని ఆపి చూపు పక్కకి తిప్పేసేవాడు. "ఫోనంటే ఇంట్లో లోగది. పనుంటే ఎల్లాల, పని సూసుకోని వచ్చీయాల" అనేవాడు.

ఒకరోజు నేను షాపులో ఉండగా ఒకతను వచ్చాడు. చేపల వేటకి వెళ్లే మనిషి. పడవ దిగుతుంటే ఫోను సముద్రంలో పడిందట.

"తీసి ఏటి సేసినావు మావా?" అని అడిగాడు తమ్ముడు.

"నీరు లాగాల గదా. ఉప్పులో పెట్టినాను."

తమ్ముడు ఫోను వంక చూశాడు. "బియ్యంలో పెట్టమంటారు గానీ..."

"బియ్యం ఏటి లాగుతాదిరా? సేప నీరు లాగేది ఉప్పే గదా!"

"అయితే ఎండలో కూడా ఆరేసినావేటి?"

"ఆరేసినాను. రెండ్రోజులు. మా ఆడది కాకుల్ని తోలినాది."

అతను వెళ్లేదాకా తమ్ముడు నవ్వలేదు. వెళ్లాక బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. ఆ ఫోను మాత్రం బాగవలేదు. సిమ్ము కడిగి, ఆరబెట్టి, వేరే ఫోనులో వేసి, అందులో ఉన్న నంబర్లన్నీ కాగితం మీద రాసి ఇచ్చాడు. "ఎవలి అలవాటు ఆళ్ల ఫోను మీద పడతాది అప్పా. ఫోను సూస్తే మనిషి పనేటో తెలిసిపోతాది" అన్నాడు నాతో. ఆ మాట నాకూ తగులుతుందని అప్పుడు అనుకోలేదు.

నా ఫోను వాడు కొనిపెట్టినదే. నేను చర్చి బడిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతాను. కుట్టు కళ్లద్దాలు పెట్టుకోకపోతే తెర మీది ఎర్రగుర్తు కనబడేది కాదు. మాట్లాడాక ఫోను ఎలా పెట్టెయ్యాలో తెలిసేది కాదు. అందుకని వాడే ఒక ఏర్పాటు చేశాడు. పక్కనున్న బటన్ నొక్కితే చాలు, కాల్ ఆగిపోతుంది. నాకు చాలా సుఖంగా ఉండేది.

ఏడాది తిరక్కుండా ఫోను నెమ్మదైపోయింది. చూసి, "అప్పా, ఇందులో గులాబీలు నిండిపోనాయి" అన్నాడు. సంఘంలోవాళ్లు రోజూ పంపే వాక్యాలు, వాటి వెనక గులాబీలు, సూర్యోదయాలు. ఒక్కటీ తీసెయ్యలేదు నేను.

"దేవుడి మాటలురా. ఎలాగ తీసీమంటావు?"

"దేవుడి మాట నీ బైబిల్లో ఉన్నాది. ఇవి గులాబీలు."

అయినా నన్ను అడగకుండా ఒక్కటీ తీయలేదు. ఒక్కొక్కటే చూపించి, "ఉంచనా, తీసీనా?" అని అడిగాడు. మధ్యాహ్నమంతా దానికే పోయింది. ఇద్దరి కంచాల్లో అన్నం చల్లారిపోయింది.

ఆ మరుసటి ఎండాకాలంలో ఒక ఆదివారం, చర్చి గేటు దగ్గర ఉండగా చెల్లి ఫోను చేసింది. "అలో" అన్నాను. తెగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. మూడోసారి ఫోనే ఆరిపోయింది. లోపల పాట మొదలైంది. సిగ్నలో ఛార్జింగో లేదు కాబోలనుకుని ఫోను సంచిలో వేసి లోపలికి వెళ్లాను.

విజయనగరంలో కోట దగ్గర చెల్లి భర్త స్కూటరు మీంచి పడ్డాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ అది నాకు చేసింది. పక్కన ఎవరూ లేరు. మధ్యాహ్నం తమ్ముడు వచ్చి చెబితే తెలిసి, ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. మరిదికి కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదు. చెల్లి వార్డు గుమ్మంలోనే నన్ను ఆపింది.

"అయ్యిందేటి ప్రార్థన?"

"ఫోను తెగిపోనాదే."

"ఎత్తినావు. అలో అన్నావు. నా గొంతు ఇని పెట్టీసినావు. ఒకపాలి కాదు. ఆఖరికి సుచ్చాఫ్ సేసీసినావు."

అబద్ధమాడనని దానికి తెలుసు కదా, రేపటికి నమ్ముతుందిలే అనుకున్నాను. నమ్మలేదు. ఎనిమిది నెలలు మాటల్లేవు. నేను చేస్తే ఎత్తేది కాదు. రోజూ ప్రార్థనలో దాని పేరు తలుచుకునేదాన్ని. బస్సెక్కి మాత్రం వెళ్లలేదు. అమ్మానాన్నా పోయాక నాకు తోబుట్టువులని మిగిలింది ఆ ఇద్దరే. అందులో ఒకరు పోయినట్టే ఉండేది.

తమ్ముడు ఎవరి పక్షమూ పట్టలేదు. "అది అబద్ధమాడదు. నువ్వూ ఆడవు. మరైతే ఫోనే సెప్పాల" అన్నాడు. ఒక బుధవారం పట్టుకెళ్లి, శనివారం పొద్దుటిదాకా షాపులో ఉంచుకున్నాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. వాడు మాత్రం పాత క్యాలెండరులోంచి ఒక నెల కాగితం చింపి, దాని తెల్లటి వెనకవైపు నా ముందు పెట్టాడు. షాపులో కూడా అదే వాడి పద్ధతి. రాయడం రానివాళ్లను అంకెల వైపు, తేదీ పక్కన చుక్క పెట్టమనేవాడు.

"తెగిన ప్రతిసారీ రాయి. ఏ వారమో రాయి."

నెల రోజులు రాశాను. వాడు వచ్చి, వేలు పెట్టి చదివాడు. "ఆదివారం, సోమవారం. ఆదివారం. ఆదివారం, మంగళవారం. గురువారం ఒక్కటీ లేదు. ఫోనుకి వారాలు తెలవవు అప్పా. నీకు తెలుస్తాయి. శనివారం ఏటి సేస్తన్నావు?"

"ఏటి సేస్తాను? ఎప్పుడూ సేసే పనే."

నా మొహం వంక చూశాడు. కాగితం అడుగున పెన్నుతో ఏదో రాసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం వచ్చి మూల స్టూలు మీద కూర్చున్నాడు. నేను చేసే పనే చూస్తున్నాడు. సముద్రం పక్క ఇళ్లలో ఇనుము నిలవదు. వారం తిరిగేసరికి ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. అందుకని మా అమ్మ కొబ్బరి నూనె గిన్నె, పాత గుడ్డ పట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఆదివారం పని ముట్టుకోకూడదు కాబట్టి శనివారమే. అమ్మ తరువాత ఆ పని నాది. ఆ రోజూ గడియలు, తాళాలు, కత్తెర, కుట్టు మిషను అన్నీ తుడిచాను. ఆఖరున ఫోను తీసి, అంచుల చుట్టూ, బటన్ల మీద, నూనె గుడ్డతో నెమ్మదిగా రాశాను.

"అప్పా!" వాడు లేచి నిలబడ్డాడు. "ఏటి సేస్తన్నావు?"

"తుప్పు పట్టకుండా రాస్తన్నాను."

"ఎన్నాళ్ల బట్టీ?"

"నువ్వు కొన్నకాడి నుంచీ."

నేల మీద కూలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. "ఉప్పులో పెట్టిన మావని సూసి నవ్వినాను. మన ఇంట్లో నూనె ఉన్నాదని తెలీలేదు" అన్నాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. "అమ్మ మిషను ఇంకా తిరుగుతన్నాదంటే ఈ నూనే గదరా!"

"మిషను తిరుగుతాది అప్పా. ఫోను తిరగదు."

పక్క బటన్ సందులో నూనె, నా కుట్టు దారాల పీచు కలిసి జిగురైపోయాయి. శనివారం కొత్త నూనె పడగానే బటన్ లోపలికి అంటుకునేది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నొక్కుకుపోయి కాల్ ఆగిపోయేది. ఎక్కువసేపు నొక్కుకుంటే ఫోనే ఆరిపోయేది. వారం నడిమికి నూనె ఆరి మళ్లీ వదులయ్యేది. "బటన్ నొక్కితే ఆగేలాగ సేసింది నాను. నూనె నీది, సగం తప్పు నాది" అన్నాడు.

బాగుచెయ్యమన్నాను. చెయ్యనన్నాడు. తెల్లారి చర్చి అయ్యాక, నూనె ఫోను అలాగే సంచిలో పెట్టి, నన్ను వెంటబెట్టుకుని విజయనగరం తీసుకెళ్లాడు. చెల్లి తలుపు తీసి వాడికి మంచినీళ్లు ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. వాడు నా ఫోను దాని చేతిలో పెట్టి, తన ఫోనుతో చేశాడు.

"ఎత్తు."

"అలో" అంది. తెగిపోయింది. మళ్లీ చేశాడు. తెగిపోయింది. మూడోసారి ఫోను చేతిలోనే ఆరిపోయింది. చెల్లి నల్లబడిన తెర వంక చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు వాడు జేబులోంచి స్క్రూడ్రైవర్ల పెట్టె తీసి, దాని ఎదుటే విప్పి, తుడిచి, బిగించాడు. మళ్లీ చేశాడు. ఈసారి తెగలేదు.

"ఇందులో ఉన్నది తీసీసినాను. మిగిలింది ఇందులో లేదు" అన్నాడు. టీ తాగి వస్తానని వీధిలోకి వెళ్లిపోయాడు.

గదిలో ఇద్దరమే మిగిలాం. ఫోను తప్పు బయటపడింది కదా, ఇక ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను. ఊరికే ఏదీ అవ్వదని వాడనే మాట చెవిలో ఉంది.

"ఫోను తెగిన మాట నిజమేనే" అన్నాను. "గానీ నువ్వు మళ్లీ మళ్లీ సేస్తన్నావంటే ఏదో అయ్యుంటాదని నాకు తెలవాల. గేటు కాడ ఎవరి ఫోనైనా అడగాల. నాను లోపలికెల్లి పాట పాడినాను. అది నా తప్పు."

చెల్లి లోపలికి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"నూనె గానుగదేటి?" అంది.

"గానుగదే."

"అందుకే అంత గట్టిగా పట్టినాది" అని నవ్వబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తమ్ముడు తిరిగొచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి, "బయట టీ బాగోలేదు. ఇక్కడ ఒక సుక్క పెడతారేటి?" అన్నాడు.

అది జరిగి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లూ ఆదివారం చర్చి అయ్యే వేళకి చెల్లి ఫోను వస్తుంది. ఒక్క వారం తప్పలేదు. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. కూర ఏమిటని అడుగుతుంది, చెబుతాను.

తమ్ముడు పోయాక మరదలు స్క్రూడ్రైవర్ల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ కాడైతే తుప్పు పట్టదు వదినా" అంది.

మొన్న శనివారం చెల్లి వచ్చింది. ఫోను దూరంగా కిటికీలో పెట్టాను. శనివారం పూట దాని చోటు అదేనని వాడే చూపించాడు. గడియలు, తాళాలు, కత్తెర, మిషను అయ్యాక వాడి పెట్టె తెరిచాను. అడుగున ఒక పాత క్యాలెండరు కాగితం మడతపెట్టి ఉంది. నేల పాడవకుండా దాన్నే, అంకెల వైపు పైకి ఉండేలా పరిచాను. చెల్లి నూనె గిన్నె పట్టుకుంది. నేను ఒక్కొక్క స్క్రూడ్రైవరూ తుడిచి కాగితం మీద వరసగా పెట్టాను.

చివరిదాని మొన నుంచి నూనె కారి కాగితానికి పట్టింది. మచ్చ మెల్లగా వెడల్పయింది. అందులోంచి వెనకవైపు నేను రాసిన వారాల అడుగున వాడి పెన్ను రాత పైకి తేలింది. వెనకది కాబట్టి అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఇద్దరం వంగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాం.

శనివారం అప్ప ఇంటికి.