మామయ్య ఒంటి కొలతలు

మాస్టారు వ్యాకరణం చెప్పే రోజుల్లో సమానాధికరణం పాఠం వస్తే పుస్తకం మూసేసేవారు. రెండు మాటలు పక్కపక్కన కూర్చుంటాయి, మనిషి మాత్రం ఒక్కరే అనేవారు. కోడలు కాపురానికొచ్చాక ఉదాహరణ కూడా ఇంట్లోనే దొరికింది. ఎవరొచ్చినా "మా కోడలు, ఈ వీధి దర్జీ" అని రెండూ కలిపే చెప్పేవారు. కుట్టుమిషను ముందు కూర్చున్న ఆవిడకి ఆ మాట వింటే కడుపు నిండినట్టుండేది.

మాస్టారికి మతిమరుపు జబ్బు చేశాక అందులో ఒక మాట జారిపోయింది. "ఈవిడ దర్జీ. చీకటి పడితే వాళ్ళింటికి పోతుంది," అంటున్నారిప్పుడు. లారీ తోలే ఆవిడ భర్త వారాల తరబడి రాడు. ఇంట్లో చూసేది ఆవిడొక్కతే. పరాయి ఆడమనిషి తన ఒంటి మీద చెయ్యి వేయకూడదని మాస్టారి పట్టు. మాసిన చొక్కా అన్నం మరకలతో ఒంటి మీదే అట్టకట్టింది.

చూడ్డానికొచ్చిన ఆడపడుచు తానే విప్పబోయి చెయ్యి గీరించుకుంది.

"నన్నూ కొట్టబోయారు వదినా. ముట్టుకోనివ్వని మనిషితో ఎన్నాళ్ళని వేగుతావు? వృద్ధాశ్రమం వాళ్ళతో మాట్లాడాను. రేపొచ్చి తీసుకెళ్తారు."

"నా చేతి అన్నం తింటున్నారు కదమ్మా."

"తింటే సరా? వీపు పుండు పడుతోంది."

కోడలు దేవుడి పటం ముందు కాసేపు నిలబడింది, ఏమడగాలో తోచక. తిరిగొచ్చి మిషను మీది టేపు తీసి మెళ్ళో వేసుకుంది. మామయ్యా అని తప్ప ఏనాడూ పిలవని నోటితో, "మాస్టారూ, చొక్కాకి కొలతలివ్వాలి," అంది.

"ఇప్పుడా?"

"ఆలస్యమైతే నన్ననకూడదు మరి."

ఆయన నవ్వి, బుద్ధిగా చేతులెత్తారు.

"పాతది ఒంటి మీదుంటే కొలత తప్పుతుంది."

గుండీలు ఆయనే విప్పుకున్నారు. తడిగుడ్డ వీపుకి తగలగానే, "ఇదేం కొలతమ్మా?" అన్నారు.

"మా పద్ధతి ఇంతే."

ఆడపడుచు చప్పుడు చేయకుండా ఉతికిన చొక్కా అందించి ముఖం తిప్పుకుంది.

మాస్టారు గొంతు తగ్గించారు. "మా కోడలూ కుడుతుంది. చెయ్యి నీలాగే మెత్తన. ఎటెళ్ళిందో, పొద్దుట్నుంచి కనపడలేదు. అది వచ్చేదాకా ఉంటావా?"

"ఉంటాను," అంది, గుండీలు పెడుతూ.

వాకిట్లో ఆడపడుచు ఫోనులో మాట్లాడుతోంది. "రేపు రావద్దు లెండి. మళ్ళీ చెప్తాను."

ఆ మళ్ళీ ఎప్పుడో ఆవిడ అడగలేదు. మెళ్ళో టేపు తీయకుండానే వంటింట్లోకి నడిచింది.